కుడితి తొట్టి మళ్ళీ స్నానాల గదికి

నవంబర్ 9

విశాఖ వన్ టౌన్‌లో మా ఇంటి పెరట్లో, బాదం చెట్టు కింద, నేను పుట్టకముందు నుంచీ ఒక తొట్టి ఉంది. ఆవులున్నన్నాళ్ళూ అది కుడితి తొట్టి. ఆవులు వెళ్ళిపోయాక మేస్త్రీలు అందులో ఇటుకలు నానబెట్టారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక కరెంటూ లేక, కుళాయీ రాక ఉన్న రోజుల్లో అందులో పట్టిన వాననీళ్ళే ఇంటిల్లిపాదికీ వాడకానికి అక్కరకొచ్చాయి. ఇన్ని పనులు చేసింది కానీ, అది పుట్టిన పని మాత్రం మా ఇంట్లో ఎవరూ దానిచేత చేయించలేదు. అది స్నానాల తొట్టి. పోత ఇనుముది. లోపల తెల్లటి ఎనామిల్, కింద పులి పంజాల్లాంటి నాలుగు కాళ్ళు. తాతయ్య పోర్టులో పనిచేసే రోజుల్లో ఏదో బంగళా సామాన్ల వేలంలో కొన్నారని అమ్మ చెబుతుంది.

ఎలాగూ స్నానాల గది పగలగొట్టి కట్టిస్తున్నాం. నిన్న పాత ఇనుప సామాన్లాయన గేటు దగ్గరకొచ్చి తొట్టిని బేరమాడాడు. నలుగురం పట్టి కాటా మీదకి ఎక్కిస్తే 142 కిలోలు తూగింది. కిలో 30 చొప్పున 4,260 రూపాయలు ఇప్పుడే ఇస్తానన్నాడు. అమ్మ అప్పటికే తలూపేసింది. నేను వద్దన్నాను. "ఏటమ్మడూ, కుడితి తొట్టిలో స్నానం చేస్తావా?" అంది అమ్మ. చేస్తాను. భోగి నాటికి చేయించి తీరతాను. అందుకే ఈ డైరీ.

నవంబర్ 10

ముందు చేతిలో ఉన్నది ఏమిటో తేల్చుకోవాలి. అయస్కాంతం పెడితే అంటుకుంది. కానీ రేకు తొట్టికి కూడా అంటుకుంటుంది కాబట్టి దాంతో సగమే తెలుస్తుంది. పిడికిలితో తట్టాను. రేకు తొట్టి అయితే డబ్బాలా మోగుతుంది. ఇది బండరాయిని తట్టినట్టు 'ధబ్' అని ఊరుకుంది. అంచు కింద వేలు పెడితే ఇసుక మూసలో పోత పోసినప్పటి గరుకు తగిలింది. లోపలి తెలుపు పెయింటేమోనని మేకు మొనతో ఒక మూల గీశాను. గీత పడలేదు. మేకే నల్లటి గీత వదిలింది, తడిగుడ్డతో తుడిస్తే పోయింది. అంటే అది అసలు ఎనామిలే.

ఎనామిల్ అంటే రంగు కాదు, గాజు. పోత ఇనుమును ఎర్రగా కాల్చి, దాని మీద గాజుపొడి జల్లితే కరిగి ఇనుముకు అతుక్కుపోతుంది. గాజు గుణాలన్నీ దానికి వస్తాయి. నునుపుగా ఉంటుంది, మరక పట్టదు, సబ్బు మురికి తేలిగ్గా పోతుంది. బరువైంది మీద పడితే మాత్రం గాజులాగే పెచ్చు లేస్తుంది. మన తొట్టిలో అలాంటి పెచ్చులు మూడు. ఒకటి రూపాయి బిళ్ళంత, రెండు కందిగింజంత. నీళ్ళు పోయే కన్నం చుట్టూ తుప్పు.

చదువుతుంటే ఒక సంగతి కంటపడి రోజంతా మనసులో తిరుగుతూనే ఉంది. 1883లో అమెరికాలో జాన్ మైకేల్ కోలర్ అనే ఆయన పశువుల కోసం పోత పోసిన తొట్టికి ఎనామిల్ పూత వేయించి, నాలుగు కాళ్ళు తగిలిస్తే స్నానాల తొట్టి అవుతుందని అమ్మకానికి పెట్టాడట. అక్కడ పశువుల తొట్టి స్నానాల గదికి ఎక్కింది. మా ఇంట్లో స్నానాల తొట్టి పశువుల దగ్గరకి వెళ్ళింది. ఇప్పుడు మళ్ళీ వెనక్కి రావాలి.

నవంబర్ 16

ఈ రోజు తప్పు జరిగింది. రాయకుండా ఉండలేను.

కుడితి గార, ఆకుల మరకలు, ఇటుకల ఎర్రదనం అంతా పొరలు పొరలుగా ఉంది. వేడినీళ్ళు, బట్టల సబ్బు, కొబ్బరి పీచు పట్టుకుని మూడు రోజులుగా తోముతున్నాను. సగం పైగా వదిలింది. పొద్దున్న నేను బజారుకు వెళ్ళి వచ్చేసరికి, గదిలో పని చేస్తున్న కుర్రాడు నాకు సాయం చేద్దామని బాత్రూములు కడిగే యాసిడ్ సీసా తెచ్చి తొట్టి అడుగున పోసేశాడు. నేను గేటు తీస్తుంటే ఘాటు వాసన. పరుగెత్తుకెళ్ళి బకెట్లతో నీళ్ళు గుమ్మరించాను, వంటసోడా జల్లాను. అప్పటికే అరచేతి వెడల్పు మేర మెరుపు పోయింది. తెల్లగానే ఉంది కానీ చేయి ఆనిస్తే నాపరాయిలా గరుకుగా తగులుతోంది. పెచ్చు లేచిన చోట బయటపడ్డ ఇనుము సాయంత్రానికి నారింజ రంగుకు తిరిగింది.

కుర్రాడిని ఏమీ అనలేదు. మన ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ బాత్రూము అంటే యాసిడే కదా. టైల్సు మీద ఏళ్ళ తరబడి పోస్తారు, టైల్సు తట్టుకుంటాయి, సందుల్లోని సిమెంటు తినేస్తుంది, అది ఎవరూ చూడరు. ఎనామిల్‌కి మాత్రం యాసిడ్ పగ. మీ ఇంట్లో పాత ఎనామిల్ సింకో తొట్టో ఉంటే, దాని మీద యాసిడ్ పోయొద్దని పనివాళ్ళందరికీ ముందే చెప్పండి. ఘాటైన పొడులు, ఇనుప పీచు కూడా వద్దు. ఈ మాట ఎదురుగా గోడ మీద బొగ్గుతో రాసి పెట్టాను.

మిగిలిన గార కోసం ఎంచుకున్న దారి నెమ్మదైనదే. వంటసోడా ముద్దలా కలిపి రాసి, తడి గుడ్డ కప్పి రాత్రంతా వదిలేయడం. రెండు రాత్రులకు పోవాలి.

నవంబర్ 19

పూత వేసేవాళ్ళు ఒకరొచ్చి చూశారు. లోపలంతా యాసిడ్‌తో గరుకు చేసి, రెండు భాగాల పెయింటు స్ప్రే చేస్తే కొత్త తొట్టిలా మెరుస్తుందన్నారు. ఒక రోజు పని, రెండు రోజులు ఆరబెట్టడం. నేను ఒప్పుకోలేదు. గాజు మీద పెయింటు వేస్తే మొదటి రోజు అందంగానే ఉంటుంది. వేడినీళ్ళు, చన్నీళ్ళు పడుతూ పోతే ఎక్కడో ఒక అంచు లేస్తుంది. ఒకసారి లేచాక తుడిచిన కొద్దీ పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. అసలు ఎనామిల్ మాత్రం కుడితి, ఇటుకలు, తుఫాను అన్నీ చూసి కూడా నిలబడింది. యాసిడ్ మచ్చ ఉంటే ఉండనీ. పెచ్చులు మూడూ మాత్రమే పూడ్చుకుంటాను.

ఇంకొక భయం కూడా ఉంది. పాత పూత ఊడదీయడానికి వాడే మిథిలీన్ క్లోరైడ్ స్ట్రిప్పర్ల ఆవిరి స్నానాల గది లాంటి చిన్న చోట, తొట్టి అడుగున పేరుకుని అమెరికాలో పనివాళ్ళ ప్రాణాలు తీసింది. 2019లో అక్కడ ఇళ్ళలో వాడకానికి వాటి అమ్మకం ఆపేశారు. తొట్టిలోకి వంగి పనిచేసే మనిషి ముక్కు సరిగ్గా ఆవిరి నిలిచే చోటే ఉంటుంది. ఎవరైనా మీ ఇంట్లో ఇలాంటి పని పెట్టుకుంటే ఆ డబ్బా మీద ఏం రాసి ఉందో చదివించండి, తలుపు తీసి ఫ్యాను పెట్టించండి.

నవంబర్ 23

బయటి వైపు మొదలుపెట్టాను. అడుగున పెయింటు నాలుగు పొరలు: ఆకుపచ్చ, బూడిద, మళ్ళీ ఆకుపచ్చ, అట్టడుగున ఎరుపు. పాత పెయింటుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ళ పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) లోపే ఉంచాలన్న నియమం 2016లో వచ్చింది, 2017 నుంచి అమల్లో ఉంది. ఈ పొరలు దానికి ఎన్నో ఏళ్ళ ముందువి. కాబట్టి పొడిగా రుద్దడం లేదు. కింద ప్లాస్టిక్ పట్టా, ముక్కుకు ఎన్95 మాస్కు, చేతికి గ్లౌజులు. వాటర్ పేపరు తడుపుకుంటూ రుద్దడమే. ఊడిన పెచ్చులన్నీ మూటగట్టి మూతి బిగించాను. పక్కింటి పిల్లలు ఆడుకోవడానికి వస్తే గేటు దగ్గరే ఆపేశాను. అమ్మకు ఇదంతా పనికిమాలిన హడావుడిలా అనిపించింది కానీ పిల్లల విషయం చెప్పాక తనే గేటు గొళ్ళెం పెట్టింది.

తుప్పు మీద రస్ట్ కన్వర్టర్ రాశాను. టానిక్ ఆమ్లం కలిసిన రకం. పది నిమిషాల్లో నారింజ రంగు కాస్తా వంకాయ రంగు, తరవాత చిక్కటి నలుపు. నాకు ఇది కొత్తగా అనిపించలేదు. కలంకారీ బట్టకు ముందు కరక్కాయ పడుతుంది, దాని మీద ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన కసీం గీస్తే నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్నదీ ఈ టానిన్ జాతిదే. బట్ట మీద బొమ్మకు నలుపు తెచ్చే ఆ చర్యే ఇక్కడ తొట్టి అడుగున తుప్పును ఆపుతోంది. సముద్రం గాలి తగిలే ఊళ్ళో ఇనుముకు తుప్పు ఆగడం అంటే ఎంత పెద్ద మాటో కిటికీ చువ్వలు మార్చిన వాళ్ళకి తెలుస్తుంది. మా వీధిలో చువ్వలు చేతికి పొడి రాలుస్తాయి.

నవంబర్ 27

బంగాళాఖాతంలో అల్పపీడనం. మూడు రోజులుగా ముసురు. పని ఆగింది.

డిసెంబర్ 1

ముసురు తగ్గిందని తొందరపడి ఎపాక్సీ ప్రైమరు (రెండు భాగాలు కలిపి వేసే అడుగు పూత) కొట్టాను. అదీ నా తప్పే. పొద్దున్న చూస్తే పైన తెల్లటి మసక, చేయి పెడితే జిడ్డు. గాలిలో తేమ ఎక్కువైతే ఎపాక్సీలోని గట్టిపరిచే భాగం పైకొచ్చి ఇలా జిడ్డు పొరవుతుంది. దాని మీదే ఇంకో కోటింగ్ వేస్తే అది పట్టదు, కొన్నాళ్ళకు పొరలుగా లేచిపోతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వాటర్ పేపరుతో మళ్ళీ రుద్దాను. ఒక ఆదివారం మొత్తం పోయింది. ఇక నుంచి తేమ కొలిచే చిన్న మీటరు తెచ్చి చెట్టుకు కట్టాను. మన తీరంలో పూతల పనికి డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి వరకే మంచి కాలం. అది కూడా పది గంటల ఎండ వచ్చాక మొదలుపెట్టి, నాలుగింటికి బ్రష్షు కడిగేయాలి.

డిసెంబర్ 8

నిన్న ప్లంబర్ మేస్త్రీ వచ్చాడు. ఆయన తొట్టిని ఒక చుట్టు చుట్టి, "ఏటి మేడమ్, దీన్ని మళ్ళీ గదిలోకి ఎక్కిస్తారా? పైపులు ఇయ్యాల దొరకవండి" అన్నాడు. దొరుకుతాయా లేదా అన్నది కన్నం మీద ఆధారపడి ఉంది. నీళ్ళు పోయే కన్నంలో బిగించిన పాత ఇత్తడి గొట్టం, అదే వేస్ట్ కప్లింగు, బిగిసి చిలుము పట్టి, కింద చెక్ నట్టుతో ఒక్కటైపోయింది. పైపు రెంచి వేసి లాగితే కదలలేదు. ఆయన సుత్తి అందుకోబోయాడు. పోత ఇనుము మీద సుత్తి దెబ్బ అంటే ఎనామిల్ కాదు, తొట్టే పగులుతుంది. పట్టుబట్టి ఆపాను.

ముందు కిరసనాయిలు పోసి ఒక రాత్రి వదిలేశాం. ఇవాళ పొద్దున్న నేనే దిగాను. హాక్సా బ్లేడుకు ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని, ఇత్తడి కప్లింగు లోపలి గోడను నిలువుగా కోశాను. ఒక కోత, దానికి అర అంగుళం పక్కన ఇంకో కోత. ఇత్తడి పొడి పసుపులా రాలుతుంటే చేయి ఆగదు. రంగు మారి నల్లటి గీత కనపడగానే ఆపాలి. అది ఇనుము, దాన్ని తాకకూడదు. రెండు కోతల మధ్య ఉన్న ముక్కను సన్న ఉలితో లోపలికి మడిచాను. టిక్‌మని ఒక చిన్న చప్పుడు. మొత్తం కప్లింగు నలిగి వదులైంది. మేస్త్రీ కింద పడుకుని చెక్ నట్టు తిప్పితే సగం దాకా దానంతటదే తిరిగింది. "అబ్బో, ఒదిలేసింది మేడమ్!" అన్నాడు. గంటన్నర పట్టింది. కన్నం చుట్టూ ఒక్క కొత్త పెచ్చు లేవలేదు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన గంటన్నర అదే.

కన్నం కొలిస్తే మన 40 మిల్లీమీటర్ల ఇత్తడి కప్లింగు రబ్బరు వాషరుతో సరిగ్గా కూర్చుంటోంది. కొత్తది తెచ్చాం.

మేస్త్రీతో చిన్న వాదన కూడా అయింది. కప్లింగు కింద ఒక బాటిల్ ట్రాపు (వాసన పైకి రాకుండా కాస్త నీళ్ళు నిలిపే బుడ్డి) పెట్టి, దాన్ని గది నేలలో ఉండే నహానీ ట్రాపులోకి వదులుదామన్నాడు. నహానీ ట్రాపులో ఇప్పటికే 50 మిల్లీమీటర్ల నీళ్ళు నిలబడి వాసనను ఆపుతాయి. ఒకే దారిలో రెండు ట్రాపులు పెడితే మధ్యలో గాలి చిక్కుకుని నీళ్ళు నెమ్మదిస్తాయి. తొట్టి నిండా నీళ్ళు ఖాళీ అవ్వాలంటే వేగం కావాలి. బాటిల్ ట్రాపు తీసేశాం. నేరుగా గొట్టం, అడుగుకు పావు అంగుళం వాలు.

డిసెంబర్ 14

తొట్టిని లోపలికి తేవడం. పోర్టులో పనిచేసి దిగిన కళాసీలు నలుగురు. తొట్టిని పక్కకి వాల్చి, గోనెసంచులు పరిచి, రెండంగుళాల జీఐ పైపులు కింద వేసి దొర్లించారు. పెద్దాయన ముందు నడుస్తూ వెనకనుంచి ముందుకు పైపు తిప్పి పెడుతుంటే మిగిలిన ముగ్గురూ "హైలెస్సా" అంటూ ఒకే ఊపుతో నెట్టారు. గుమ్మం దగ్గర మాత్రం గుండె ఆగినంత పనైంది. గుమ్మం వెడల్పు 76 సెంటీమీటర్లు, తొట్టి అంచు నుంచి అంచుకి 74. రెండు సెంటీమీటర్ల సందులో గోనెసంచి కూడా పట్టలేదు. పెద్దాయన తన తలపాగా తీసి గుమ్మానికి చుట్టాడు. నేల మీద ఒక్క గీత పడకుండా దాటింది.

నేల లెక్క ముందే వేసుకున్నాను. తొట్టి 142, నీళ్ళు 150, మనిషి 70. మొత్తం 362 కిలోలు. నాలుగు కాళ్ళ మీద పంచితే కాలికి 90. కాలి పంజా మాత్రం అరచేతిలో సగం. అంత బరువు అంత చిన్న చోట పడితే టైలు పగులుతుంది. అందుకే నాలుగు కాళ్ళ కిందా 9 అంగుళాల కడప బండ ముక్కలు, వాటి కింద కాంక్రీటు. మా పాత గచ్చు గానుగ సున్నంది. అది మెత్తగా ఉంటుంది, దాని మీద నేరుగా పెట్టకూడదు. మేడ మీది గదుల్లో ఇలాంటి తొట్టి పెట్టాలనుకునేవాళ్ళు మాత్రం ఇంజనీరుకు శ్లాబు చూపించకుండా పెట్టొద్దు.

డిసెంబర్ 21

దీపాల వారం. నా అభిప్రాయం ఇక్కడ ఒక తీరుకు వచ్చింది. ఒళ్ళు పాతదైనా పర్వాలేదు, నరాలు మాత్రం కొత్తవి కావాలి. ఇనుము, గాజు, ఇత్తడి తరతరాలు నిలుస్తాయి. రబ్బరు, వైరు, వాషరు నిలవవు. అవి పాతవి అలాగే ఉంచి మురిసిపోతే మనిషి ప్రాణం మీదకి వస్తుంది.

జ్ఞానాపురం వైపు ఒక పాత సామాన్ల కొట్లో ఓడ గోడకు బిగించే ఇత్తడి దీపం దొరికింది. మందపాటి గాజు గోళం, దాని మీద ఇత్తడి చట్రం, బరువు మూడు కిలోల పైన. చింతపండు, ఉప్పుతో తోమితే చిలుము పోయి పసుపు రంగు తేలింది. లోపల విప్పి చూస్తే వైరు తొడుగు వేలు తగిలితే బూడిదలా రాలింది. గాజు కింది రబ్బరు రాయిలా గట్టిపడింది. రెండూ తీసి పారేశాం. మూడు మిల్లీమీటర్ల సిలికాన్ షీటు నుంచి గుండ్రంగా కత్తిరించి కొత్త గాస్కెట్ వేశాను. మొదటిసారి వంకరగా వచ్చింది, రెండోసారికి అతికింది.

కరెంటు పని మా తమ్ముడిది. వాడు ఎలక్ట్రికల్ డిప్లమో చేశాడు. "అక్కా, తొట్టి మీద 230 వోల్టుల దీపం వేలాడదీస్తానంటే నేను ముట్టుకోను" అన్నాడు. తొట్టికి సరిగ్గా పైన, రెండుంబావు మీటర్ల ఎత్తు దాకా ఉన్న జాగాను, తొట్టి అంచు నుంచి అటూ ఇటూ 60 సెంటీమీటర్ల మేరను ప్రమాదపు చోటుగా చూడాలట. అందుకని ఓడ దీపాన్ని తొట్టికి ఎదురు గోడ మీదికి మార్చి, లోపల 12 వోల్టుల ఎల్‌ఈడీ పెట్టాడు. దానికి కరెంటును 12 వోల్టులకు దించి ఇచ్చే డ్రైవరు పెట్టె హాల్లో ఉంది. స్విచ్చులు కూడా బయటే. గీజరు, దీపాలు అన్నీ 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) మీదుగా వస్తున్నాయి. నెలకోసారి దాని మీది 'టి' బొత్తాం నొక్కి పడుతుందో లేదో చూడమన్నాడు. క్యాలెండరులో రాసిపెట్టాను.

డిసెంబర్ 25

స్నానాల గది బయట దుస్తులు మార్చుకునే చిన్న చోటుకు రెండో దీపం. బజారులో డిజైనర్ దీపాలు చూశాను. అందంగానే ఉన్నాయి కానీ చాలావాటిలో బల్బు కంట్లోకే కొడుతుంది. డెన్మార్క్‌లో పౌల్ హెన్నింగ్సెన్ అనే ఆయన ఏళ్ళ తరబడి ఈ సమస్య మీద పనిచేశాడు. 1958లో ఆయన చేసిన పీహెచ్ 5 దీపంలో ఎక్కడ నిలబడి చూసినా బల్బు కనపడదు. రేకుల అంచుల మీద పడి తిరిగి వచ్చిన మెత్తని వెలుతురే కనపడుతుంది. ఆ సూత్రం పట్టుకుంటే ఖరీదైన దీపం అక్కర్లేదనిపించింది.

అమ్మ పెట్టెలో బుడితి ఇత్తడి గిన్నె ఉంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసినది, లోతైనది, మూతి కాస్త లోపలికి తిరిగినది. బోర్లిస్తే బల్బు లోపలే దాక్కుంటుంది. తన పుట్టింటి గిన్నెకు కన్నం పెట్టడానికి అమ్మ రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు తనే గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఆటోనగర్‌లో లేతు పనివాడి దగ్గర అడుగున పది మిల్లీమీటర్ల కన్నం వేయించాను. గిన్నె బరువు కిలోన్నర పైనే కాబట్టి దాన్ని వైరు మోయకూడదు. దూలానికి కొక్కెం, కొక్కేనికి గొలుసు, గిన్నె గొలుసుకే. వైరు వదులుగా పక్కనే దిగుతుంది. ఇక్కడ 230 వోల్టులు కాబట్టి గిన్నెకు ఎర్త్ వైరు తప్పనిసరి అని తమ్ముడు దాన్ని స్క్రూతో బిగించాడు. బల్బు 2700 కెల్విన్, అంటే పసుపు వెలుతురుది, రంగులు నిజంగా కనపడేలా సీఆర్‌ఐ 90 ఉన్నది. వెలిగించగానే సుద్ద గోడ మీద వెలుతురు పాలమీగడలా పరుచుకుంది.

తువ్వాళ్ళ కోసం ఏటికొప్పాక లక్క కొయ్య గుబ్బలు కొన్నాను. లక్క వేడికి మెత్తబడుతుంది, అందుకే వాటిని లోపల కాక ఈ బయటి గోడకే బిగించాం.

జనవరి 4

పెచ్చులు మూడూ రెండు భాగాల ఎపాక్సీతో పూడ్చాను. ముందు తుప్పు పూర్తిగా గీకి, కన్వర్టర్ పట్టించి, ఆరాక ఒక్కొక్క పొర. తెలుపు కలవలేదు, కాస్త పాలు విరిగినట్టున్న తెలుపు వచ్చింది. దగ్గరకు వస్తే కనపడుతుంది. నాకు అభ్యంతరం లేదు. బయటి వైపు ఆఖరి పూత ముదురు ఆకుపచ్చ, గీకినప్పుడు కనపడిన పైపొర రంగే. తేమ మీటరు 58 శాతం చూపించిన రోజునే వేశాను. ఈసారి మసక రాలేదు.

జనవరి 10

నీళ్ళ లెక్క. దీన్ని దాచిపెట్టి తొట్టి గురించి మాట్లాడటం న్యాయం కాదు.

నడుం దాకా మునగాలంటే 120 లీటర్లు కావాలి. ఊళ్ళో తాగునీటి పథకాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు అని లెక్క వేస్తారు. అంటే ఒక్క స్నానానికి ఒక మనిషి రోజు వాటా దాదాపు అయిపోతుంది. అందుకని ఇంట్లో కట్టుబాటు పెట్టుకున్నాం: తొట్టి స్నానం వారానికి ఒక్కసారి, మిగతా రోజులు బకెట్టూ చెంబూ. తొట్టి నీళ్ళు నేరుగా పెరట్లో అరటి పాదుకు వెళ్ళేలా నహానీ ట్రాపు తరవాత ఒక వాల్వు పెట్టించాను. షాంపూ వాడిన రోజు దాన్ని మూసేసి కాలువలోకి వదలాలి.

వేడి లెక్క కూడా ఉంది. కుళాయి నీళ్ళు 26 డిగ్రీలు, గీజరులో 60 డిగ్రీలు అనుకుంటే 120 లీటర్లు 39 డిగ్రీలకు రావడానికి 46 లీటర్ల వేడినీళ్ళు కావాలి. 15 లీటర్ల గీజరు ఏ మూలకూ చాలదు. 50 లీటర్లది తీసుకున్నాం. 2 కిలోవాట్ల గీజరుకు అది కాగడానికి గంట పడుతుంది, దాదాపు 2 యూనిట్లు. పోత ఇనుము వేడి నిలుపుతుందని అందరూ అంటారు. నిజమే కానీ ముందు అది తన వాటా తాగుతుంది. 142 కిలోల ఇనుము వేడెక్కడానికి పట్టే వేడి 15 లీటర్ల నీళ్ళకు పట్టేదానితో సమానం. నింపగానే రెండు డిగ్రీలు తగ్గిపోతాయి. అందుకే రెండు డిగ్రీలు ఎక్కువ వేడిగా పోయాలి.

జనవరి 12

లీకు పరీక్ష. బిరడా పెట్టి నిండా నీళ్ళు నింపి, కప్లింగు కింద పాత పేపరు పరిచాను. ఇరవై నిమిషాలకు ఒక చుక్క. మేస్త్రీ చెక్ నట్టు పావు చుట్టు బిగించాడు. మళ్ళీ గంట. పేపరు పొడిగానే ఉంది. పై ఓవర్‌ఫ్లో కన్నం దాకా నింపి అదీ చూశాం. బిరడా తీస్తే మూడున్నర నిమిషాల్లో ఖాళీ.

వెనక కుడి కాలు మాత్రం కాస్త గాలిలో ఉంది. మంచి చెక్క చీలిక పెడితే కూర్చుంటుంది కానీ తేమకు కుళ్ళిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు ముక్క కోయించమని చెప్పాను.

భోగి

తెల్లవారుజామున వీధిలో మంటలు లేచాయి. నేను నాలుగున్నరకే గీజరు వేశాను. అమ్మ వంటికి నువ్వుల నూనె పట్టించి కూర్చోబెట్టాను. తొట్టిలోకి దిగమని అనలేదు. అంచు ఎత్తు 58 సెంటీమీటర్లు, తన మోకాళ్ళకు అది మంచిది కాదు. గోడకు పట్టుకోవడానికి గట్టి కమ్మీ బిగించాక, పక్కన మెట్టు కట్టాకే అంటాను. తొట్టి పక్కన పీట వేసి, కాళ్ళు రెండూ అంచు మీదుగా లోపలికి పెట్టించాను. నీళ్ళు పోసేటప్పుడు 41 డిగ్రీలున్నాయి, థర్మామీటరు ఐదు నిమిషాలకు 39 చూపించింది. అరగంట తరవాత కూడా 38.

ఓడ దీపం వెలుగులో అమ్మ అడుగున ఉన్న యాసిడ్ మచ్చను వేలితో తడిమింది. "ఇక్కడే ఎర్రావు మూతి పెట్టేది" అంది. కాసేపు కాళ్ళు అలాగే ఉంచింది. తరవాత లేచి పమిట దోపుకుంటూ, "నీళ్ళు కాలవలోకి ఒదిలీకమ్మడూ, అరటికి తిప్పు" అని పెరట్లోకి వెళ్ళింది.

వాల్వు తిప్పాను. పెరట్లో గొట్టం చివర నీళ్ళు పడుతున్న చప్పుడు వినపడింది. తరవాత నేను దిగాను.